ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు

బొంగరం అనే చిన్న కుక్క గొంతు దిగువన ఇరుక్కున్న ముక్క పొడవు ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు, మందం పదహారు. ఆ లెక్క తెలిసిన మనిషి ఒక్కడే. అతను ఇప్పుడు కుక్కల డాక్టరు గది బయట చెక్క బెంచీ మీద, ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు వేసుకుని, ఎదురుగా మూసి ఉన్న తెల్ల తలుపుని చూస్తూ కూర్చున్నాడు. తలుపు మూసి పదకొండు నిమిషాలైంది. లోపల కత్తెరలాంటిదేదో పళ్ళెంలో పెట్టిన చప్పుడు ఒకసారి వినిపించింది, తర్వాత అదీ లేదు. ముక్క శ్వాసగొట్టంలో లేదు, అన్నవాహికలో ఉంది, అందుకే మనకి కాస్త టైముంది అని డాక్టరమ్మ అంది. కాస్త అంటే ఎంత అని అడగబోయి నోరు మూసుకున్నాడు. బేరింగుల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా తనిఖీ పని చేస్తున్నవాడికి కాస్త అనే మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఎంత ముక్క మింగిందండీ అని ఆమె అడిగినప్పుడు అందరిలా చూపుడువేలు సగానికి మడిచి చూపించలేదు. నాలుగూ అయిదుకి కొలిస్తే నలభై అయిదుంది, అయిదు నిమిషాల్లో ఏడు అరుగుతోంది, నాలుగూ పదికి మింగింది, అంటే ముప్పై ఎనిమిది, ఒకటి అటూ ఇటూ, మందం పదహారు, తోలుని చుట్టి నొక్కి చేసిన పుల్ల, తడిస్తే ఉబ్బుతుంది అన్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, ఇంత కచ్చితంగా నాకెవరూ చెప్పలేదండీ, పట్టకారు ఎంత తెరవాలో తెలిసింది అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు అతని కడుపులో ఇప్పటికీ అరగకుండా ఉంది. అసలు ఏ ఇంట్లో అయినా కుక్క నమిలే పుల్లని అయిదు నిమిషాలకోసారి ఎవడు కొలుస్తాడు?

కుక్క అతనిది కాదు, అక్కది. మూడు కిలోల నాలుగువందల గ్రాములు, గోధుమరంగు, అన్నం గిన్నె కనిపిస్తే చాలు నాలుగు చుట్లు తిరిగిగానీ మూతి పెట్టదు, అందుకే ఆ పేరు. అక్క మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ పది రోజులు చూడరా అని అప్పగించింది. ఇవాళ తొమ్మిదో రోజు. రేపు పొద్దున అక్క ఇంటికొస్తుంది. తొమ్మిది రోజులు ఒక్క వెంట్రుకవాసి తేడా రాకుండా చూసుకున్నాడు. తిండి తూకం, నీళ్ళ కొలత, నడక ఎన్ని అడుగులు, అన్నీ ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులో గళ్ళు గీసి రాశాడు. ఏరు దాటించిన పడవ రేవులో మునిగినట్టు, తొమ్మిదో రోజు సాయంత్రం ఇదిగో ఈ బెంచీ. గోడ మీద కుక్క పళ్ళ బొమ్మ ఉంది. గచ్చకాయంత పన్ను దగ్గర్నుంచి బియ్యపు గింజంత పన్ను దాకా, ప్రతిదానికీ ఒక అంకె. మామూలప్పుడైతే లేచి వెళ్ళి అంకెలు సరిగ్గా వేశారో లేదో చూసేవాడే. ఇప్పుడు చూపు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది, ఎందుకంటే ఆ బియ్యపు గింజ పళ్ళే గంట క్రితం అతని వేలిని కొరికాయి. కోపంతో కాదు. నోట్లో వేలు పెట్టి లాగబోతే ఉక్కిరిబిక్కిరై కొరికింది. కొరికి, కొరికినందుకు భయపడి, నోట్లోంచి తీగలా చొంగ కారుతుంటే తోక ఊపింది. ఆ తోక ఊపడం ఒక్కటీ జరక్కుండా ఉంటే బాగుండేది. కొరికినంతవరకూ తట్టుకోగలిగాడు.

ఫ్యాక్టరీలో ఒక లాటు సరుకు పాడైతే ముందు అడిగే ప్రశ్న ఒకటే, తప్పెక్కడ మొదలైంది? మనిషిని కాదు, మూలాన్ని పట్టుకోవాలి. సరే, పట్టుకుందాం అనుకున్నాడు, మూసి ఉన్న తలుపుని చూడటం కంటే అదే నయం. మొదటి అనుమానం కొట్టువాడి మీద. అక్క ఇచ్చిన పెద్ద పుల్ల అయిపోయిందని మూల మీది కొట్టుకి వెళ్తే, చిన్న కుక్కా సార్, అయితే చిన్నది తీసుకోండి అని పొట్లం చేతిలో పెట్టాడు. చిన్న జాతులకు అని పొట్లం మీద పెద్ద అక్షరాల్లో ఉంది కూడా. చిన్న కాలికి చిన్న చెప్పు, చిన్న కుక్కకి చిన్న పుల్ల, లెక్క సరిపోయిందనుకున్నాడు. ఇందాక డాక్టరమ్మ పొట్లం చూసి, చిన్న కుక్కకి చిన్న పుల్ల కాదండీ, నోట్లో పట్టనంత పుల్ల ఇవ్వాలి, నోట్లో పట్టేది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు గొంతులోకి పోతుంది అంది. అంత తేలిక మాట, కన్నం కంటే సన్నటిది కన్నంలోంచి జారుతుందని తెలిసినవాడికి తట్టలేదు. పోనీ తప్పు కొట్టువాడిదే. రాసుకో. కానీ రాసుకుంటే గడి ఖాళీగానే కనిపిస్తోంది. చిన్న పుల్ల కొన్నది ఏడో రోజు. ఏడో రోజు మింగలేదే, ఇవాళే ఎందుకు మింగింది?

జేబులో ఫోను కదిలింది. అక్క. దొంగకి తేలు కుట్టినట్టు ఒక్కసారి బెంచీ మీదే ముడుచుకున్నాడు, తర్వాత ఎత్తాడు, ఎత్తకపోతే అక్క ఊరుకునే రకం కాదు.

"ఏరా, ఏం చేస్తోందది?"

"పడుకుంది."

"ఈ టైములోనా? అయిదు కొట్టేసరికి వీధి గుమ్మం దగ్గర కాపలా కూర్చుంటుందే."

"ఇవాళ పడుకుంది అక్కా."

"నీ గొంతేంటలా ఉంది? జలుబు చేసిందా?"

"ఆఁ. జలుబే."

"కుక్కని చూసుకోమంటే నువ్వు పడకేశావా? ఆవిరి పట్టు. పట్టానని చెప్పడం కాదు, పట్టు. రేపు వచ్చి ఆవిరి గిన్నె మూత తీసి చూస్తా."

పెట్టేసింది. పడుకుందన్నది అబద్ధం కాదు, మత్తుమందు ఇచ్చారు, టేబుల్ మీద పక్కకి పడుకునే ఉంది, ముందుకాలికి గొరిగిన చోట చిన్న చతురస్రం, అందులో సూది. నిజాన్ని అంత శుభ్రంగా కోసి పెట్టడం ఎప్పుడు నేర్చుకున్నాడో అతనికే తెలీదు. ఫోను ఇంకా వెచ్చగా ఉంది. ఆవిరి పట్టమంది. తిట్టినా బాగుండేది. పక్క బెంచీలో ఒళ్ళో పిల్లిబుట్ట పెట్టుకున్న పెద్దావిడ ఇదంతా విననట్టు విని, కాసేపాగి, "ఏం మింగిందండీ మీది?" అంది. పుల్ల అన్నాడు. "మాది పోయినేడు సూది మింగింది. దారంతో సహా. మా ఆయన దారం కొస పట్టుకుని లాగబోతే చెయ్యి మీద కొట్టా." బతికిందా అని అతను అడగలేకపోయినా ఆవిడకి వినిపించినట్టుంది, బుట్ట మూత కొంచెం ఎత్తింది. లోపల్నుంచి రెండు పచ్చ కళ్ళు అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు అతన్ని చూశాయి. "అదిగో. మీ మీద కూడా కోపమే దానికి. అందరి మీదా కోపమే. అంత ఆరోగ్యంగా ఉంది." అతనికి నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు సగంలో ఆగి దగ్గయింది.

రెండో అనుమానం కుక్క మీదే. తిండిపోతు, ఆత్రం. కానీ మొదటి రోజు అది ఆత్రపడలేదు. మొదటి రోజు కిటికీ కింద ఎండ చదరంలో పడుకుని, పుల్లని రెండు ముందుకాళ్ళ మధ్య నిలబెట్టి, పక్క పన్నుతో చెరుకు నమిలినట్టు నిదానంగా, మధ్య మధ్యలో కళ్ళు మూసుకుంటూ నమిలింది. అయిదు నిమిషాలకి మూడు మిల్లీమీటర్లు. అతను తన తనిఖీ పెట్టె తెరిచి, మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ తీసి, ఆ రెండు ఉక్కు దవడల మధ్య పుల్లని పట్టి, చదివి, రాసి, తిరిగి ఇచ్చాడు. నలభైకి దిగితే తీసేసుకోవాలని గీత పెట్టుకున్నాడు, దిగగానే తీసుకుని బదులు బిస్కెట్టు ముక్క ఇచ్చాడు. పద్ధతి అంటే అదీ. అక్క చెప్పిందీ పద్ధతేనా? ఆసుపత్రి సంచీ సర్దుకుంటూ చెప్పింది, గోరుతో నొక్కి చూడు, గుంట పడకపోతే ఇవ్వకు, పన్ను విరుగుతుంది. ఇచ్చాక ఒక కొస నువ్వు పట్టుకుని దాని పక్కనే నేల మీద కూర్చో, పది నిమిషాలయ్యాక చాలే అని తీసేయ్. అంతే? అంతేరా. ఎంత తిందో ఎలా తెలుస్తుంది? చేతికి తెలుస్తుంది. చేతికి తెలియడం! దర్జీ కొట్టు నడిపి నలభై ఏళ్ళు టేపు మెడలో అలంకారానికి వేసుకుని, మనిషి గడప దాటుతుంటేనే ముప్పై నాలుగు నడుము అనేసే మనిషి. ఆ ముప్పై నాలుగు ఎప్పుడూ ముప్పై నాలుగే అయ్యేది, అదింకా మంట. నేల మీద కూర్చోవడం తన వల్ల కాదనుకున్నాడు, కొస పట్టుకోవడం పద్ధతి కాదనుకున్నాడు, భోజనాల బల్ల దగ్గర కుర్చీ వేసుకుని, పెట్టె పక్కన పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాడు.

మూడో రోజు నాలుగు మిల్లీమీటర్లు. అయిదో రోజూ నాలుగే, కానీ ఆ రోజు ఎండలో పడుకోలేదు, పుల్ల పట్టుకుని సోఫా వెనక్కి వెళ్ళింది. చల్లగా ఉందనుకున్నాడు. ఏడో రోజు ఆరు. కొత్త పుల్ల మెత్తగా ఉందేమో అని గడిలో రాశాడు కూడా, మెత్తన, పక్కన ప్రశ్నార్థకం. ఇవాళ ఏడు. మూడు, నాలుగు, నాలుగు, ఆరు, ఏడు. ఫ్యాక్టరీలో ఏ యంత్రం ఇలాంటి అంకెలు ఇచ్చినా ఆపండి ఆపండి అని అరిచేవాడు, ఏదో తరుముతోంది దీన్ని అనేవాడు. ఏదో తరుముతోంది. లేతు మిషను మీద పనిచేసిన మీసాలాయన రిటైరైన రోజు టీ తాగుతూ అన్నమాట ఎక్కడినుంచో వచ్చి బెంచీ మీద పక్కన కూర్చుంది. ఇక చెప్తే ఏమవుతుంది సార్, ఇన్నాళ్ళూ మీరు వస్తున్నారని మాకెలా తెలిసేదనుకున్నారు, మీ వెర్నియర్ పెట్టె మూత టక్కుమంటుంది, అది వినపడిందా, కొలతకి వస్తుందో రాదో అని అనుమానమున్న బేరింగు రింగు చొక్కా జేబులోకి, మీరు వెళ్ళాక మళ్ళీ బయటికి, మీరంటే భయం కాదు సార్, చేసిన పని లాక్కుంటారని. ఆ రోజు అందరితోపాటు తనూ నవ్వాడు. ఇవాళ నాలుగూ పదికి పెట్టె మూత తెరిచాడు. టక్. సోఫా వెనక నములుతున్న చప్పుడు ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఒక గొంతు చప్పుడు, తడిగుడ్డ తూములో ఇరుక్కున్నట్టు.

దానికి జేబు లేదు పాపం.

ఆత్రం కాదు, తిండిపోతుతనం కాదు, కొట్టువాడు సగమే. టక్కుమన్నప్పుడల్లా ఎవడో వచ్చి నోటిదగ్గరిది తీసుకుంటున్నాడు, ఒక్కోసారి ఇస్తున్నాడు, ఒక్కోసారి ఇవ్వటం లేదు, ఎప్పుడిస్తాడో ఎప్పుడివ్వడో కుక్కకి నలభై గీత తెలీదు కదా. తొమ్మిది రోజుల్లో దానికి తెలిసింది ఒకటే, ఆ చప్పుడుకి ముందే పని పూర్తి చేసుకోవాలి. నోటుబుక్కు నిండా రాసిపెట్టుకున్నది కుక్క నమలడం కాదు, కుక్క కంగారు. అయిదు గడుల్లో, నీలం సిరాతో, దశాంశ స్థానంతో సహా. పిల్లి పెద్దావిడ ఏదో అంటోంది, మంచినీళ్ళు కావాలా అంటోంది కాబోలు, వద్దని తలూపాడు, మళ్ళీ కావాలని ఊపాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మొహం మీది గుడ్డ గడ్డం కిందికి లాగి, రెండుసార్లు పట్టుకున్నా జారిపోయింది, ముక్క ఉబ్బింది, అన్నవాహిక గోడ వాచింది అంది. ఇంకొక్కసారి ప్రయత్నిస్తుంది. రాకపోతే మెల్లిగా లోపలికి నెట్టి పొట్ట కోసి తీయాలి. అంత చిన్న ప్రాణం అంతసేపు మత్తు తట్టుకోవాలి, తట్టుకుంటుందనే అనుకుంటున్నా, కానీ నా మాట పట్టుకుని కూర్చోకండి, ఇంట్లో చెప్పాల్సినవాళ్ళకి చెప్పేయండి. సంతకానికి ఒక కాగితం ఇచ్చింది. పేరు, వయసు, బరువు. బరువు దగ్గర గ్రాములతో సహా రాశాడు. తర్వాత గడి, జంతువుతో సంబంధం. పెన్ను ఆగింది. యజమాని కాదు. పక్కింటివాడు కాదు. అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఆ కుక్కని చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే, అదిగోనే మేనమామ వచ్చాడు, దణ్ణం పెట్టు అని దాని కాళ్ళు రెండూ జోడించేది. కుక్కకి నేను మేనమామేంటి, నలుగురూ వింటే బాగుండదు అని ప్రతిసారీ విసుక్కునేవాడు. అక్క బిడ్డకి నువ్వు మేనమామవి కాక బాబాయివా అనేది. గడిలో మేనమామ అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. డాక్టరమ్మ చదివింది, నవ్వలేదు, సరేనండీ అని కాగితం తీసుకుని లోపలికి వెళ్ళింది. నవ్వనందుకు ఆమెకి జీవితాంతం రుణపడ్డాడు.

చెప్పాల్సినవాళ్ళకి చెప్పేయండి. రేపు చెప్పొచ్చు. బయటికొస్తే చెప్పక్కర్లేదేమో కూడా, జలుబు తగ్గిందని చెప్తే సరిపోతుంది, కాలి మీద గొరిగిన చతురస్రానికి ఏదో ఒకటి అల్లొచ్చు. రాకపోతే? రాకపోతే అక్క దగ్గర ఉన్న చివరి మాట పడుకుంది అన్నది అవుతుంది. బొటనవేలు తనంతట తానే అక్క పేరు మీద నొక్కేసింది.

"అక్కా. అది పడుకోలేదు. డాక్టరు దగ్గరున్నాం. పుల్ల ముక్క గొంతులో ఇరుక్కుంది. నా వల్లే."

అవతల ఆసుపత్రి గదిలో ఎవరిదో చెంచా కప్పులో తిరుగుతున్న చప్పుడు, అది ఆగింది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది. ఇంకోసారి లాగి చూస్తారట. రాకపోతే పొట్ట కోయాలిట. సంతకం పెట్టా."

"మంచిపని. కొస పట్టుకోలేదా నువ్వు?"

"లేదు."

"ఏం?"

"నేల మీద కూర్చోలేక... మోకాళ్ళు నొప్పని."

"ఒరేయ్. మోకాలు మార్పించుకున్నది నేనా నువ్వా?"

దెబ్బ సరిగ్గా ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అరిగిపోయిన ఆ మోకాళ్ళతో మూడేళ్ళు, ఒక్క చేత్తో గోడ పట్టుకుని దిగబడి, రెండో చేత్తో పుల్ల కొస పట్టుకుని కూర్చున్న మనిషి. ఆ కూర్చోవడమే పద్ధతి. పుల్ల ఎవరూ లాక్కోరని దానికి తెలియడానికి పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే, గడియారం కాదు. పెట్టె చప్పుడు సంగతి, సోఫా సంగతి, మూడు నాలుగు ఆరు ఏడు సంగతి మొత్తం చెప్పేశాడు, ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు ఒక్క ఊపిరిలో. అక్క విన్నది. మధ్యలో ఒకసారి అయ్యో అంది, కుక్క గురించో అతని గురించో తెలీలేదు.

"నాకు నిన్ను తిట్టాలని చాలా ఉంది," అంది చివరికి. "అది బయటికొచ్చాక తిడతా. ఇప్పుడు తిడితే భయపడతావు. ఫోను పెట్టకు. నేనూ ఇక్కడే ఉంటా."

గోడ గడియారంలో పెద్దముల్లు ఒక గీత జరిగింది. అక్క గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం కిందికి, పక్క మంచం వాళ్ళకి వినపడకూడదన్నట్టు.

"నీకు నాలుగేళ్ళప్పుడు నువ్వు గుండీ మింగావు. తెలుసా?"

"ఏ గుండీ?"

"నాన్న కోటుది. ఇత్తడిది. నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే నేనే ఊడబీకి ఇచ్చా ఆడుకోమని. గుటుక్కున మింగేశావు. నాకప్పుడు పదేళ్ళు. అమ్మకి చెప్తే చంపేస్తుందని చెప్పలేదు. మూడు రోజులు నీ వెనకాలే పుల్ల పట్టుకుని తిరిగా. ఎందుకో అడక్కు."

"దొరికిందా?"

"దొరక్కుండా ఎలా ఉంటుంది? కడిగి మళ్ళీ కోటుకే కుట్టేశా. నా మొదటి కుట్టు అదే."

"నాన్న ఆ కోటు ఎన్నాళ్ళు వేసుకున్నారే?"

"పన్నెండేళ్ళు. పెళ్ళిళ్ళకి కూడా."

అతని భుజాలు కదిలాయి. పిల్లి పెద్దావిడ కంగారుగా చూసింది, నవ్వని తెలిసి బుట్ట మూత సర్దుకుంది. "ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదురా," అంటోంది అక్క, "నువ్వు చచ్చిపోతే అమ్మకేం చెప్పాలా అని కాదు, నువ్వు చచ్చిపోతే ఎలా అని. నేను ఇన్నేళ్ళుగా దాచా. నువ్వు గంటలో చెప్పేశావు." ఇంకా ఏదో అనబోతుంటే తెల్ల తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో వంగిన పళ్ళెం, అందులో ఉబ్బి తెల్లబోయిన ముక్క, దాని మీద పట్టకారు గాట్లు. ఆమె పెదాలు కదిలాయి. వచ్చేసింది అన్నట్టు, కోయాల్సిన పని లేదన్నట్టు, రెండు రోజులు జావ తప్ప ఏమీ పెట్టొద్దన్నట్టు వినిపించింది. అతను ముక్క వంక చూడలేదు. ఆమె పక్కనుంచి లోపలికి వెళ్ళాడు, చెప్పు ఒక చప్పుడు, బూటు ఒక చప్పుడు చేస్తుంటే. టేబుల్ మీద దుప్పటిముక్కలో గోధుమరంగు పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. నాలుక ఒక పక్కకి జారి ఉంది. చేతిలో ఫోను, ఒరేయ్, ఏమైందిరా, ఏదో ఒకటి చెప్పు, చెప్పరా అని అరుస్తోంది. అతను వంగి ఫోనుని కుక్క ముక్కు దగ్గర పెట్టాడు. సన్నగా, తడిగా, ఈల వేయడం రానివాడు ఈల వేస్తున్నట్టు గురక.

అవతల అక్క వింటోంది.

"ఇంక ఏడుపు ఆపరా," అంది తర్వాత, గుసగుసగా. "అది లేస్తుంది."